కత్తెరమ్మ ఒప్పుకున్న ఉద్యోగం

కర్టెన్ల షాపులో ఫోన్ మోగితే ఎత్తినవాళ్ళదే మాట. ఆ షాపు నడిపే తోడికోడళ్ళిద్దరూ మొదట్లోనే పెట్టుకున్న కట్టుబాటు అది. కొత్తల్లో ఒక పెద్దమనిషి పొద్దున పెద్దామెతో ఒక మాట, సాయంత్రం చిన్నామెతో ఇంకో మాట అనిపించుకుని, ఇద్దరికీ తగువు పెట్టి, తాను చల్లగా తనకి కావలసినట్టు కుట్టించుకుపోయాడు. ఆ దెబ్బతో ఇద్దరూ ఒక నిర్ణయానికి వచ్చారు. ఒకరు ఒప్పుకున్నది రెండోవాళ్ళు కాదనకూడదు. "ఆవిణ్ణి అడిగి చెప్తానండి" అనే మాట ఎవరి నోటా రాకూడదు. ఒకే ఇంట్లో ఇరవై ఏళ్ళు కాపురం చేసేసరికి ఇద్దరి గొంతులూ కూడా ఒక్కలాగే తయారయ్యాయి. మాట్లాడుతున్నది ఎవరో అవతలివాళ్ళకి తెలిసేది కాదు, వీళ్ళు చెప్పేవాళ్ళూ కారు.

పెద్దామె కొలత తీసి బట్ట కత్తిరిస్తుంది. చిన్నామె కుడుతుంది. ఎదురుగా టీ కొట్టాయన పెద్దామెకి కత్తెరమ్మ అనీ, చిన్నామెకి సూదమ్మ అనీ పేర్లు పెట్టాడు. వీధి వీధంతా అవే పేర్లు పట్టుకుంది. కత్తెరమ్మ పైకి కోపం నటించేది గానీ లోపల ఆ పేరంటే ముచ్చటే.

నిన్న మధ్యాహ్నం సూదమ్మ కర్టెన్ రింగులు తేవడానికి బజారుకి వెళ్ళింది. కత్తెరమ్మ బల్ల మీద బట్ట పరిచి సుద్దముక్కతో గీత గీస్తుండగా ఫోన్ మోగింది. చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, "షాపండీ, చెప్పండి" అంది.

"గ్యాలరీ నుంచండి. మరి ఏమనుకున్నారు? ఒప్పుకున్నట్టేనా?"

కొండ మీది కోటలో ఉన్న ఆర్ట్ గ్యాలరీకి పోయిన ఏడాది ఎండ తగలకుండా మందపాటి తెరలు కుట్టిచ్చారు వీళ్ళు. పై అంతస్తుకి కూడా వేయిస్తామని అప్పుడే అన్నారు. ఇది అదే అనుకుంది కత్తెరమ్మ.

"ఒప్పుకున్నట్టేనండి. మా వైపు నుంచి ఇబ్బందేమీ లేదు."

"ఒకటో తారీకు నుంచి మొదలుపెట్టగలరా?"

"నిక్షేపంలా."

"అమ్మయ్య. మీ తోడికోడలికి ఎలా చెప్పాలో తెలియడం లేదని నీళ్ళు నమిలారు కదా, ఎలాగైతేనేం చెప్పేశారన్నమాట. ఏమైనా బాధపడ్డారా ఆవిడ?"

సుద్దముక్క గీత తప్పి పక్కకి జారింది.

"లేదండి," అంది కత్తెరమ్మ. "ఏమీ అనుకోలేదండి ఆవిడ."

"మంచి మనిషి. అయితే రేపు ఒకసారి వచ్చి పని గది చూసుకుని, సంతకం పెట్టి వెళ్ళండి. మూసేలోపు ఎప్పుడైనా సరే."

కత్తెరమ్మ ఫోన్ పెట్టేసింది. సంగతంతా అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. పోయిన ఏడాది తెరలు బిగించడానికి సూదమ్మ వెళ్ళినప్పుడు, అక్కడ పాత బట్టలూ గోడలకి వేలాడదీసే నేత తెరలూ బాగుచేయించే మేడమ్ ఒకావిడ ఈమె చేతి కుట్టు చూసి వదలకుండా మాట్లాడిందట. ఆ తర్వాత సూదమ్మ ఏదో వంక పెట్టుకుని రెండు మూడుసార్లు అటు వెళ్ళొచ్చింది. ఇంట్లో కూడా పనంతా అయ్యాక చిన్న గుడ్డముక్క ఒకటి పట్టుకుని, చిరుగు పెట్టడం, కుట్టడం, మళ్ళీ విప్పడం చేస్తోంది. పిచ్చిపనులు అని వేళాకోళం చేసింది తను.

అంటే అక్కడ ఉద్యోగం ఇస్తామన్నారు. సూదమ్మ ఏమీ తేల్చుకోలేదు. తను ఆవిడ గొంతుతో ఒప్పేసుకుంది.

సూదమ్మ రింగుల పొట్లంతో తిరిగొచ్చాక ఆ విషయం నోటిదాకా వచ్చింది కత్తెరమ్మకి. కానీ దాని వెనకే ఇంకోటి కూడా తన్నుకొచ్చింది. ఒక్క కంచంలో తిన్నట్టు బతికిన మనిషి, తనతో అనలేని మాట ఎవరో బయటి మనిషితో అనగలిగింది. అక్కడే ముల్లు గుచ్చుకుంది. చెప్పనీ, తన నోటితో తనే చెప్పనీ అని ఊరుకుంది.

ఆ సాయంత్రం షట్టర్ దించుతూ సూదమ్మ అంది, "అక్కా, రేపు సెలవే కదా, కోట చూసొద్దామా? ఇన్నేళ్ళనుంచీ నువ్వు కిందనించి చూడ్డమే, నేను గ్యాలరీదాకా పోవడమే గానీ, కోటంతా ఏనాడూ తిరిగింది లేదు."

"ఇప్పుడేం ముంచుకొచ్చింది కోట మీద ప్రేమ?"

"ఊరికే. గ్యాలరీ కూడా అందులోనే ఉందిగా. మనం కుట్టిన తెరలు ఎలా ఉన్నాయో చూసినట్టూ ఉంటుంది."

"సరే పద," అంది కత్తెరమ్మ.

అలా ఇద్దరూ పొద్దున్నే డబ్బాలో రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు, రెండు నారింజలు పెట్టుకుని బయల్దేరారు. బస్సు కొండ దిగువన వదిలేసింది. అక్కణ్ణించి రాళ్ళు పరిచిన బాట. కోట ముందు కందకంలో నీళ్ళెప్పుడో ఇంకిపోయాయి, ఇప్పుడు మోకాలెత్తు గడ్డి ఉంది. దాని మీద వేసిన చెక్క వంతెన అడుగేస్తే కిర్రుమంటోంది. టికెట్లిచ్చే ముసలాయన వీళ్ళిద్దరినీ ఎగాదిగా చూసి, "అక్కాచెల్లెళ్ళా?" అని అడిగాడు.

"తోడికోడళ్ళం."

"తోడికోడళ్ళు కలిసి సరదాగా కోట చూడ్డానికి రావడం నా సర్వీసులో ఇదే మొదలమ్మా."

"ఇంకా చూడలేదుగా," అంది కత్తెరమ్మ. "దిగేటప్పుడు మా మొహాలు చూసి అప్పుడు చెప్పండి."

ఆయన నవ్వాడు. సూదమ్మ కూడా నవ్వింది గానీ ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

లోపల జనం పలచగా ఉన్నారు. నాలుగువైపులా గోడలున్న పెద్ద వాకిలి, మధ్యలో కంపవేసి మూసిన బావి, మూలల్లో బురుజులు. ముందు వంటశాలలోకి వెళ్ళారు. కప్పు అంతెత్తున మసిబారి ఉంది. పొయ్యి గోడలోకే తొలిచి కట్టారు, అందులో నలుగురు మనుషులు నిలబడవచ్చు. పక్కన రాతి తొట్టి, దాని అడుగున నీళ్ళు బయటికి పోయే కంత.

సూదమ్మ ఆ పొయ్యిలోకి తొంగి చూసి వెనక్కి తిరిగింది.

"అక్కా, ఒక మాట."

కత్తెరమ్మ గబుక్కున ఇటు తిరిగింది. "ఊఁ, చెప్పు."

సూదమ్మ నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ పొయ్యి వైపు చూసింది. "ఇందులో ఒక ఎద్దుని నిలువునా కాల్చొచ్చేమో కదా."

"కాల్చొచ్చు. ఆ బూడిదెత్తే వాళ్ళ నడుం ఏమయ్యేదో అది ఆలోచించు." కత్తెరమ్మకి నవ్వాలో చిరాకుపడాలో తెలియలేదు. "ఇదేనా నువ్వు చెప్పాలనుకున్న మాట?"

"ఇదే."

"మంచిది."

అక్కడినుంచి మెలికలు తిరిగే మెట్లెక్కి పై గదిలోకి వెళ్ళారు. కోట యజమాని ఇంటి ఆడవాళ్ళు కూర్చునే గది అని బోర్డు రాసిపెట్టి ఉంది. గోడ ఎంత మందమంటే కిటికీ ఒక చిన్న గది అంత లోతుగా ఉంది. ఆ లోతులో అటూ ఇటూ ఎదురెదురుగా రెండు రాతి అరుగులు. కూర్చుని కూర్చుని రాయి నున్నగా అరిగి గుంట పడింది. ఇక్కడే కూర్చుని ఆడవాళ్ళు కుట్టుపని చేసుకునేవారని కూడా బోర్డు మీదే ఉంది.

"కాళ్ళు పీకుతున్నాయి, కాసేపు కూర్చుందాం," అంది కత్తెరమ్మ.

సూదమ్మ వెళ్ళి వెలుతురు తక్కువున్న అరుగు మీద కూర్చుంది. ఎండ పడుతున్న అరుగు ఖాళీగా వదిలింది. ఆలోచించి చేసిన పని కాదది, ఒళ్ళే అటు పోయింది. ఇంట్లోనూ అంతే. గాలి రాని గది ఆమెదే, ఒక కాలు కురచైన కుర్చీ ఆమెదే, షాపులో మొరాయించే పాత మిషనూ ఆమెదే. ఏది కావాలని అడిగినా "ఏదైనా ఒకటేనక్కా" అంటుంది. కత్తెరమ్మ ఇన్నాళ్ళూ దాన్ని మంచితనం అనుకుంది. ఆ మంచితనం వల్ల మంచి మిషను తనకి దక్కింది గనుక పెద్దగా తరచి చూసిందీ లేదు.

"లేచి ఇటు రా. కుట్టేవాళ్ళు వెలుతుర్లో కూర్చోవాలి."

"ఇప్పుడేం కుడుతున్నానక్కా? నాకెక్కడైనా ఒకటే."

"ఇరవై ఏళ్ళనుంచీ నీకన్నీ ఒకటే. వినీ వినీ నా చెవులు చిల్లులుపడ్డాయి. రావే అంటే."

సూదమ్మ వచ్చి ఎండలో కూర్చుంది. కళ్ళు చికిలించి కిటికీలోంచి కిందికి చూసింది. వాళ్ళ వీధి ఎక్కడో ఆనవాలు పట్టడానికి ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. కత్తెరమ్మ ఎర్ర పెంకుల కప్పు మనదేనంది. సూదమ్మ అది మన వెనక వీధి అంది. అలా వాదించుకుంటుంటే కత్తెరమ్మకి మనసు కాస్త తేలికపడింది, అంతలోనే బరువెక్కింది. ఈ సోది ఇంకెవరితో పెట్టుకుంటుంది తను? మొగుడు బస్సు దిగి ఇంటికొచ్చేసరికి మాట్లాడే ఓపిక ఉండదు. మరిదికి కరెంటు తీగలు తప్ప లోకం లేదు. పొద్దుణ్ణించి రాత్రిదాకా ఎదురుగా కనిపించే మొహం ఇదొక్కటే.

బురుజు మీదికి చేరేసరికి ఇద్దరికీ ఆయాసం వచ్చింది. పైన ఎవరూ లేరు. పిట్టగోడకి ఆనుకుని డబ్బా విప్పుకున్నారు. కత్తెరమ్మ గుడ్డు ఒలుస్తుంటే, సూదమ్మ రొట్టెముక్క చేతిలో పట్టుకుని తినకుండా కూర్చుంది.

"అక్కా, కోప్పడకూడదు."

"కోప్పడే సంగతైతే కోప్పడతాను. ముందు చెప్పు."

"గ్యాలరీ మేడమ్ నాకు పనిస్తానంది. నేత తెరలు బాగుచేసే పని. నేను అడగలేదక్కా, వాళ్ళే అడిగారు. రెండు నెలలైంది." ఒక్క గుక్కలో చెప్పేసింది. "నీకు చెప్పకుండా దాచాలని కాదు. ఎలా మొదలుపెట్టాలో తెలీక."

"ఇప్పుడు బాగానే మొదలుపెట్టావుగా."

"కాదని చెప్పేద్దామని వచ్చాను. ఒక్కదాన్నీ వెళ్తే ఆవిడ మొహం చూసి తలూపేస్తానేమోనని నిన్ను తీసుకొచ్చాను. నువ్వు పక్కనుంటే కాదనగలను."

గుడ్డు పెంకు కత్తెరమ్మ గోటి కింద గుచ్చుకుంది. వెళ్తానంటుందేమోనని రాత్రంతా కాచుకుని ఉంటే, వెళ్ళనంటోంది. ఆమెకి ముందు కలిగింది ఆనందమే. అక్కరలేదు, ఏమీ మారక్కరలేదు. మేడమ్‌ని పక్కకి పిలిచి, నిన్న ఏదో పొరపాటైందండి అంటే సరిపోతుంది. సూదమ్మకి తెలియనే తెలియదు.

ఆ తర్వాత, కాస్త ఆలస్యంగా, సిగ్గేసింది.

"నీకు ఇష్టం లేదా ఆ పని?"

"ఇష్టానికేముందక్కా. షాపెవరు చూస్తారు?"

"షాపు సంగతి నేనడిగానా?"

"షాపు సంగతి కాక ఇంకేముంది?" అని సూదమ్మ రొట్టె కొరికింది. చెప్పేయడంతో ఆమెకి ఆకలి తిరిగొచ్చినట్టుంది. తనవీ తినేసి, కత్తెరమ్మ వదిలేసిన గుడ్డు కూడా తినేసింది. కత్తెరమ్మ నారింజ తొక్క సన్నగా చీలికలు చేస్తూ కూర్చుంది. నిన్నటి ఫోన్ సంగతి చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం రాదని తెలుసు. అయినా చెప్పలేదు.

గ్యాలరీ ఒకప్పటి గుర్రపుశాల. లోపల తెల్లసున్నం వేసి, నేల నున్నగా చేయించి, బొమ్మలు పెట్టారు. గుమ్మంలోనే కత్తెరమ్మ చూపు పైకి పోయింది. తాము కుట్టిన తెరలు ముడతల్లేకుండా పడి ఉన్నాయి. ఒక్క అంచూ వంకర పోలేదు.

"బానే పడ్డాయి," అంది గొంతు తగ్గించి.

"నువ్వు కోసింది ఎప్పుడు వంకర పోయింది గనక?"

ఒక్కో బొమ్మ ముందూ ఆగుతూ నడిచారు. సముద్రం మీద ఓడలు, చచ్చిపోయిన కుందేలు, ద్రాక్షపళ్ళు, పుస్తకం చదువుకుంటున్న ముసలామె. ఎవరో వర్తకుడు భార్యాపిల్లలతో నిలబడి ఉన్న పెద్ద బొమ్మ ముందు కత్తెరమ్మ ఆగిపోయింది. వాళ్ళ వెనక ఆకుపచ్చ పరదా ఒకటి ఉబ్బి ఉంది.

"అడుగు మడతలో బరువు పెట్టలేదు. అందుకే ఎలా లేచిందో చూడు."

"గాలికి లేచిందక్కా. వేసినాయన అలా వేశాడు."

"గాలొస్తే పక్కనున్న దీపం ఆరిపోవద్దూ?"

సూదమ్మ దగ్గరికెళ్ళి దీపం చూసింది. అది నిటారుగా వెలుగుతోంది. "నిజమే," అంది. "ఆయనకి దీపం వేయడం వచ్చు, పరదా వేయడం రాదు."

"లేకపోతే పరదా భార్య వేయించుంటుంది."

మూల స్టూల్ మీద కూర్చున్న కాపలాదారు దగ్గాడు. "అమ్మా, వేలు దూరంగా పెట్టుకోండి."

"పెట్టుకున్నాం నాయనా. బొమ్మలో పరదాకి మేం పనేం చేస్తాంలే," అంది కత్తెరమ్మ.

ఆ నవ్వులో ఉండగానే చివరి గదికి వచ్చేశారు. అది పని గది. వచ్చినవాళ్ళు చూడ్డానికి ఒక గోడంతా అద్దం పెట్టారు. లోపల పొడుగాటి కోటు తొడుక్కున్న అమ్మాయి ఒకతె సూదమ్మని గుర్తుపట్టి తలుపు తీసింది. "మేడమ్ పైకెళ్ళారండి, ఇప్పుడే వస్తారు. లోపలికి రండి, ఇద్దరూ రండి." అని, తన పని మీద పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

గది మధ్యలో మంచంకంటే పెద్ద బల్ల. దాని మీద నేత తెర ఒకటి బోర్లా పరిచి ఉంది. ఎప్పుడో కోటలో గోడకి వేలాడిందట. ఒక మూల మాత్రం మడిచి బొమ్మవైపు కనిపించేలా పెట్టారు. అక్కడ కుక్క తల, పువ్వులు, ఎవరిదో చెయ్యి. రంగు వెలిసిపోయి ఉన్నాయి. తిరగవైపు మాత్రం ఎండ తగలక రంగులు నిన్న నేసినట్టే ఉన్నాయి.

కత్తెరమ్మకి నచ్చింది ఆ రంగులే. ఎంత బాగున్నాయో అందామని పక్కకి తిరిగితే సూదమ్మ పక్కన లేదు. బల్ల అవతలికి వెళ్ళిపోయింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, నడుం వంచి, ఆ దారాల మీదికి మొహం పెట్టింది.

"చూడక్కా, నల్లదారాలే ముందు పోయాయి. రంగులో ఏం కలిపారో, అదే తినేసింది. ఎర్రవీ నీలంవీ గట్టిగానే ఉన్నాయి. నల్లదారం ఉన్నచోటల్లా కన్నం." ఆమె గొంతు షాపులో వినే గొంతు కాదు. గబగబా, అడ్డూ ఆపూ లేకుండా పోతోంది. "వెనక కొత్త గుడ్డ వేసి, ఈ మిగిలిన దారాల్ని దాని మీద పట్టి కుట్టాలి. లాక్కూడదు, లాగితే పక్కది తెగుతుంది. ఒక్క జానెడు కుట్టడానికి నెల పడుతుందట. ఎవరో ఇక్కడ అంతకుముందే బాగుచేశారు చూడు, వందేళ్ళ కిందటిదట. ఆమె కుట్టు నాలాగే ఎడమకి వాలింది."

"ఆమె అని ఎలా తెలుసు?"

"తెలీదు. నాకలా అనిపించింది."

కత్తెరమ్మ ఆ వంగిన తల వైపు చూస్తూ నిలబడింది. పెళ్ళిలో చూసింది ఈ మనిషిని, పురుడు పోసుకున్నప్పుడు చూసింది, జ్వరంలో చూసింది. ఈ మొహం మాత్రం ఇప్పటిదాకా చూడలేదు. షాపులో ఆమె ఆస్పత్రి మంచాల మధ్య వేసే తెరలు బార్లకి బార్లు కుడుతుంది. తిన్నటి గీత, మడత, తిన్నటి గీత. తను కోసిచ్చినది ఆమె కుడుతుంది. అందులో ఆమె ఎడమకి వాలడానికి చోటెక్కడుంది?

మేడమ్‌ని పక్కకి పిలవాలన్న ఆలోచన ఇక్కడ నిలబడి ఉండగా అసహ్యంగా తోచింది.

"ఏమే, ఇటు చూడు. నువ్వు ఆవిడతో కాదనడానికి లేదు."

సూదమ్మ తలెత్తింది. "ఏం?"

"నిన్న ఒప్పుకున్నావు. ఫోన్‌లో."

"నేనా? నేను రింగుల కోసం పోలా?"

"నువ్వు పోయావు. ఫోన్ మోగింది, నేనెత్తాను. ఒప్పుకున్నట్టేనా అంది. పై అంతస్తు తెరలనుకుని ఒప్పుకున్నట్టేనన్నాను. ఒకటో తారీకు అంది. నిక్షేపంలా అన్నాను."

సూదమ్మ చేతులు వెనకనుంచి ముందుకి వచ్చాయి. మొహంలో ఇందాకటి వెలుగు ఆరిపోయింది. "నిన్నటినుంచీ తెలుసా నీకు? బురుజు మీద నేను చెప్తుంటే, తెలిసే విన్నావా?"

"తెలిసే విన్నాను."

"ఎందుకు?"

"నువ్వు కాదంటానన్నావు. అది వినడానికి బాగుంది. అందుకని."

ఇంత నిజం చెప్పాల్సి వస్తుందని కత్తెరమ్మ అనుకోలేదు. చెప్పాక మాత్రం ఊపిరి సాఫీగా ఆడింది. "దానికంటే ముందు కోపం కూడా వచ్చింది. నాతో చెప్పలేనిది ఆవిడతో చెప్పావు. ఎలా చెప్పాలో తెలీడంలేదన్నావట. నేనేమన్నా పులినా?"

"పులివైతే భయపడి ఊరుకునేదాన్ని," అంది సూదమ్మ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నువ్వు బాధపడతావు. పైకి ఒక్క మాటనవు. పో అంటావు. ఆ తర్వాత రాత్రిళ్ళు కూర్చుని నువ్వే కోసి నువ్వే కుట్టుకుంటావు. అది నేను చూడలేను."

అప్పుడే తలుపు తెరుచుకుంది. మేడమ్ కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుంటూ వచ్చింది. పొట్టి మనిషి, చురుకైన మనిషి. "వచ్చారా. కాగితాలు పైన సిద్ధంగా ఉన్నాయి. ఈవిడేనా తోడికోడలుగారు? చాలా పెద్ద మనసండి మీది."

"మనసు సంగతి తర్వాత," అంది కత్తెరమ్మ. "ఒక పొరపాటు జరిగిందండి. నిన్న ఫోన్‌లో ఒప్పుకున్నది ఈవిడ కాదు, నేను. కర్టెన్లనుకున్నాను. మా ఇద్దరి గొంతూ ఒక్కలాగే ఉంటుంది. అందుకని నిన్నటి మాట లెక్కలోకి తీసుకోకండి. నేనన్నది నా మాట. ఈవిడ మాట ఈవిణ్ణే అడగండి."

షాపు పెట్టాక ఒకరన్న మాట ఇద్దరిదీ కాదనడం ఇదే మొదటిసారి. సూదమ్మకీ అది తెలుసు. ఆమె అక్క వైపు బిత్తరపోయి చూసింది.

మేడమ్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నవ్వాపుకుని, సూదమ్మ వైపు తిరిగింది. "అయితే మీరు చెప్పండి."

సూదమ్మ మేడమ్‌ని చూడలేదు. కత్తెరమ్మ మొహంలోకే చూస్తోంది. ఏం రాసుందో చదివి, దాన్నిబట్టి చెప్పాలని. ఎప్పుడూ అలాగే చెప్పింది మరి. కత్తెరమ్మకి ఆ చూపు తెలుసు. గబుక్కున వెనక్కి తిరిగి, గోడకున్న అలమరలో రంగురంగుల దారం ఉండలు చూస్తూ నిలబడింది. నీలంలోనే ఎన్ని నీలాలో. ఒక్కో ఉండకీ చిన్న చీటీ కట్టి ఉంది. పక్క గదిలో ఎవరో కుళాయి తిప్పారు, కట్టేశారు.

"నాకు కావాలండి," అంది సూదమ్మ గొంతు.

చాలా మెల్లగా అంది. అయినా ఎవరికీ మళ్ళీ చెప్పమని అడగాల్సిన పని లేకపోయింది.

కత్తెరమ్మ నీలం ఉండల్లోంచి ఆకుపచ్చ ఉండల్లోకి వచ్చింది. నొప్పి వేసింది. అనుకున్నంతా వేసింది. కానీ ఆ నొప్పి నిన్నటి ముల్లులా లేదు.

సూదమ్మ సంతకానికి పైకి వెళ్ళొచ్చేసరికి కత్తెరమ్మ బయట కోట గోడ నీడలో కూర్చుని, వచ్చేవారం పనులు వేళ్ళ మీద లెక్క వేసుకుంటోంది. ఆస్పత్రివాళ్ళవి సగం ఉన్నాయి. బడివాళ్ళవి ముట్టుకోనే లేదు. మిషను తొక్కే మనిషిని వెతకాలి. టీ కొట్టాయన మేనకోడలికి కుట్టు వచ్చునని ఎప్పుడో అన్నాడు, వచ్చో రాదో ముందు చూడాలి. సూదమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరూ కాసేపు కందకంలో గడ్డి గాలికి వాలడం చూశారు.

"ఒకటో తారీకుదాకా రోజూ వస్తానక్కా. ఆస్పత్రివి పూర్తిచేసి పోతాను."

"పూర్తిచేయక ఏం చేస్తావు? కొత్తపిల్లకి పని కూడా నువ్వే నేర్పాలి. నాకు ఓపిక లేదు, తిడతాను."

"తిట్టకు పాపం. మానేస్తుంది."

"నిన్ను తిట్టినంత తిట్టనులే."

సూదమ్మ ఈసారి బాగానే నవ్వింది. కాస్సేపటికి మళ్ళీ మొహం దిగాలుగా పెట్టి, "ఒకటి మర్చిపోయాను, గ్యాలరీకి సెలవు సోమవారమట. మనకి మంగళవారం. ఇంక నీకు కుదిరిన రోజు నాకు కుదరదు," అంది.

కత్తెరమ్మ లేచి బట్టలకంటిన దుమ్ము దులుపుకుంది. సంచి సూదమ్మ చేతికిచ్చింది.

"సోమవారం షాపు మూసి మంగళవారం తెరుస్తాను. అదేం శిలాశాసనమా?"

"సోమవారం బడివాళ్ళు వచ్చే రోజక్కా. వచ్చీ వచ్చీ అలవాటైపోయింది వాళ్ళకి."

"ఒకసారి వచ్చి తాళం చూసి పోతారు. రెండోసారికి వాళ్ళకే అలవాటవుతుంది," అంది కత్తెరమ్మ. "పద, బస్సు పోతుంది. సోమవారం పొద్దున్న మాత్రం నిద్రపోతూ కూర్చోకు. ఆ పై బురుజు ఇంకోటి మిగిలిపోయింది, అదెక్కుదాం."

"నీ మోకాళ్ళు?"

"నా మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటాను. నీకు ఎక్కాలనుందా లేదా, అది చెప్పు."

సూదమ్మ వెనక్కి తిరిగి ఆ బురుజు వైపు కాసేపు చూసింది.

"లేదక్కా," అంది. "బస్సెక్కి ఇంకెక్కడికైనా పోదాం."